వీపు మీద రెండు దెబ్బలు

ఇరవై రెండేళ్లు ఒకే బస్సులో పనిచేసిన డ్రైవరూ కండక్టరూ రిటైరయ్యాక కూడా ఒకరినొకరు వదల్లేదు. సముద్రం దాకా ముప్ఫై రోజుల కాలినడక పెట్టుకున్నారు. ఆ సముద్రం చూసి తీరాలన్నది డ్రైవరు పంతం. పంతొమ్మిదో రోజున బాట కొండ వెన్ను మీదికెక్కింది. రెండు పక్కలా లోయ, మధ్యలో ఒక్క మనిషికి సరిపడా దారి. డ్రైవరు ముందు, కండక్టరు వెనక. అలా నడవాలని ఎవరూ అనుకోలేదు, అలవాటైపోయిందంతే.

కండక్టరు నోటికి తాళం ఉండదు. మబ్బుల గురించీ మోకాలి నొప్పి గురించీ వాగుతూనే ఉన్నాడు. డ్రైవరు మాత్రం పొద్దున్నుంచీ ముక్తసరిగా ఊఁ కొడుతున్నాడు. ఓ బండ దగ్గర ఆగినప్పుడు, కండక్టరు అందించిన నీళ్ల సీసాను వదిలేసి దాని పక్కన గాలిని పట్టుకున్నాడు. పాపం, అలిసిపోయాడనుకున్నాడు కండక్టరు. బయల్దేరబోతూ వాడి వీపు సంచి మీద ఆప్యాయంగా రెండుసార్లు తట్టాడు.

బస్సును రెండుసార్లు చరిస్తే పోనిమ్మని, ఒక్కసారి చరిస్తే ఆపమని. డ్రైవరు ఒంటికి ఆ అలవాటు ఇంకా పోలేదు. ఠక్కున కదిలాడు. బాట కుడికి తిరిగింది, వాడు తిన్నగా నడిచాడు.

కండక్టరుకి పైప్రాణాలు పైనే పోయాయి. రెండంగల్లో అందుకుని సంచి మీద ఒక్కటి చరిచాడు. డ్రైవరు ఆగాడు. వాడి కాలి కింద రాళ్లు దొర్లుకుంటూ లోయలోకి పోయాయి.

"కనబడ్డం లేదా?"

"చుట్టూ కనబడుతుంది. నడిమధ్యలో మసక."

"అయితే దిగిపోదాం పద."

"ఈ ఏడాదికి ఆ మిగిలిందీ పోతుందన్నాడు డాక్టరు. సముద్రం ఒక్కసారి చూడనీరా."

"ఎప్పట్నించి ఇలా?"

"బస్సు నడపడం మానకముందు నుంచే."

కండక్టరుకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఒరేయ్, మా అమ్మాయి రోజూ ఆ బస్సులోనేరా కాలేజీకెళ్లేది!"

"ముందు సీట్లోనే కూర్చునేది. ఓ రోజు వానలో మలుపు ఆలస్యంగా కనబడింది. 'ఏంటి బాబాయ్, నిద్రొస్తోందా' అని నవ్వింది. మర్నాడే రాజీనామా కాగితం పెట్టేశాను."

మూడేళ్ల సర్వీసు ఉండగానే మానేశాడని, కొత్త డ్రైవరుతో వేగలేక, కండక్టరు వీణ్ణి తిట్టని తిట్టు లేదు. సోమరిపోతన్నాడు, పొగరన్నాడు. వీడు ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. అవన్నీ ఇప్పుడు గుర్తొచ్చి కండక్టరుకి సిగ్గేసింది.

"నాకొక్కడికైనా చెప్పొచ్చుగా?"

"చెబితే కాపాడేవాడివి. ముందేముందో నువ్వు చెబుతుంటే నేను నడిపేవాణ్ణి. అలా ఇంకో ఏడాది లాగించేవాళ్లం."

కండక్టరు కాదనబోయాడు. కానీ నిజంగానే అలాగే చేసేవాడు, అదీ స్నేహమనుకునే చేసేవాడు.

వాణ్ణి దాటుకుని ముందుకొచ్చి నిలబడ్డాడు. "నా సంచి పట్టుకో. వదిలావంటే చంపేస్తా."

ఎదురుగా ఎవరూ అడ్డం లేని ఆ సన్నటి దారి ఎటు తిరుగుతోందో చూసుకున్నాడు. సముద్రం వైపు మొదటి అడుగు వేశాడు.