మాస్టారి బరువు నూట డెబ్బై

మా షాకెంగ్‌లో వేసవి మొదలయ్యే రోజున ఊరందరినీ తూస్తారు. తూచేది నేను. నాకు ముందు మా నాన్న, ఆయనకు ముందు తాత.

పూర్వీకుల మందిరంలో దూలానికి పెద్ద తక్కెడ వేలాడదీస్తాను. మనిషంత పొడుగు కర్ర, ఒక చివర కొక్కెం, కొక్కేనికి వెదురు బుట్ట, కర్రమీద జరిగే రాతి గుండు. మనిషి బుట్టలో కూచుంటాడు. నేను గుండు జరుపుతాను. కర్ర సమంగా నిలిచిన చోట ఎన్ని జిన్నులో, అంటే ఎన్ని అరకిలోలో, చూసి గట్టిగా పలుకుతాను. నియమాలు రెండే. గుండు లోపలినుంచి బయటికే జరగాలి. వెనక్కి లాగితే ఆ ఏడు మనిషి తరిగిపోతాడు. చివర తొమ్మిది వచ్చే అంకె దగ్గర ఆగకూడదు. ఆగితే ఒకటి కలిపి పలకాలి. అంతకుమించి ఆ రోజు నేను మాట్లాడను. మిగతా రోజుల్లోనూ పెద్దగా మాట్లాడను.

షువాన్ బోతావ్ మాస్టారు మా ఊరికి రావడం యుద్ధం మూలంగా జరిగింది. సముద్రాలవతల ఏడేళ్ళు భౌతికశాస్త్రం చదివొచ్చి, మా రాష్ట్రంలో ఆ చదువును మా భాషలో మొదట చెప్పిన మనిషి ఆయన. పుస్తకం లేకపోతే తానే రాసుకున్నాడు. జపాను విమానాలు వచ్చాక విశ్వవిద్యాలయాన్నంతా పడవల్లోనూ కంచరగాడిదలమీదా వేసుకుని మా కొండల్లోకి తెచ్చారు. పూర్వీకుల మందిరంలో పాఠం, లౌ అవ్వ పట్టుపురుగుల గదిలో ప్రయోగశాల. మాస్టారి కాపురం కూడా లౌ అవ్వ ఇంట్లోనే, వెనక వాటాలో.

ఆయన మొదటి ఏడే నా తక్కెడ దగ్గర మూడు మధ్యాహ్నాలు కూచున్నాడు. కర్ర ఏ చెట్టుది, గీతలు ఎవరు పెట్టారు, గుండు పది జిన్నులే ఎందుకుండాలి, అన్నీ అడిగాడు. నా జన్మలో నన్ను అన్ని ప్రశ్నలు అడిగినవాళ్ళు లేరు. తరువాత తన విద్యార్థులను తీసుకొచ్చి, "మీటసూత్రం పుస్తకంలో వెతక్కండి, ఇదిగో గెన్‌ఫాగారి దగ్గరుంది," అన్నాడు. నాకు 'గారు' తగిలించింది కూడా ఆయనొక్కడే.

ఒక్క విషయంలోనే మాకు పేచీ.

"గుండు ముందుకు ఎక్కువ పోయిందనుకోండి. వెనక్కి లాగాలా వద్దా?"

"లాగకూడదు."

"అప్పుడు లెక్క తప్పు కదండీ?"

"లాగకూడదు."

"వెనక్కి రాని కొలత కొలతే కాదు గెన్‌ఫాగారూ!"

నేను చుట్ట ముట్టించుకున్నాను.

ఈ గొడవకు ముందటి ఏడు మాస్టారు నూటనాలుగు జిన్నులు తూగాడు. పొడుగాటి మనిషికి అది తక్కువే. ఆ తరువాత ఇంకా తగ్గడం మొదలుపెట్టాడు. ఎందుకో ఊరందరికీ తెలుసు. ఆయన బియ్యం కోటాలో సగం విద్యార్థుల గంజిలోకి పోతోంది. ఖాళీ కడుపుతో కూచున్నవాడికి కాంతి ఎందుకు వంగుతుందో ఎక్కదని ఆయన వాదన. నడుముపట్టీకి ఉన్న చిల్లులు చాలక మేకుతో ఇంకో రెండు పొడుచుకున్నాడు. ఒకరోజు గాలి గట్టిగా వీస్తుంటే గుమ్మం పట్టుకుని నిలబడి, గాలి వేగం అంచనా వేస్తున్నానన్నాడు.

ఆయన భార్య వాన్‌రూ మాట తప్పే మనిషి కాదు. అదే చిక్కయింది. ఆమె తండ్రి చ్యూ పెద్దాయనకు కొండకవతల పట్నంలో సోయా పులుసు కార్ఖానా ఉంది, నూట ఇరవై జాడీలు. కొత్త సంవత్సరానికి పుట్టింటికి వెళ్ళినప్పుడు ఆయన నిలదీశాడట.

"నీ మొగుణ్ణి పోషించలేని చదువు ఎందుకే? ఇక్కడికి రమ్మను. జాడీలమీద మూతలు తీసి ఎండకు పెట్టి, వానొస్తే మూసుకుంటాడు. మూడు పూటలా తింటాడు."

వాన్‌రూ రోషంగా, "వేసవి తూనికలో కిందటేటికన్నా ఒక్క జిన్ను తగ్గితే నేనే తీసుకొస్తా," అని పూర్వీకుల పటాల ముందు అనేసింది. పెద్దాయన అక్కడితో ఆగలేదు. తూచినవాడు ఎర్రకాగితంమీద అంకె రాసి పంపాలన్నాడు. తూచేవాణ్ణి నేను.

మాస్టారు జాడీల మూతలు తీయడం మొదలుపెడితే భౌతికశాస్త్రం మా కొండల్లో ఆగిపోతుంది. చెప్పేవాడు ఇంకొకడు లేడు. ఆ సంగతి ఊళ్ళో ఎవరూ బయటికి అనలేదు. ఎవరికి వాళ్ళు లోపల అనుకున్నారు. జరిగిందంతా అందువల్లే.

ఆ రోజు మందిరం నిండింది. పిల్లల మెళ్ళో దారపు సంచుల్లో టీ నీళ్ళలో ఉడికించిన గుడ్లు వేలాడుతున్నాయి. చంటిపిల్లలను తూచాను, ముసలివాళ్ళను తూచాను. పందిమాంసం అమ్మే తూ దాపింగ్ నూటఅరవైఎనిమిది తూగాడు. ఊళ్ళో తొమ్మిదేళ్ళుగా అతనే మొదటివాడు. పొట్ట నిమురుకుంటూ స్తంభానికి ఆనుకున్నాడు.

మాస్టారు వచ్చాడు. గడప దాటడానికి ఆగి ఊపిరి తీసుకున్నాడు. పొడుగు అంగీ అంచు నేలకు ఈడుస్తోంది. నడుస్తుంటే లోపలెక్కడో ఠక్కు ఠక్కుమంటోంది.

"ఏం మాస్టారూ, నీరసమా?" అన్నాడు తూ.

"ఏమోనయ్యా. ఇవాళ భూమికి నామీద ప్రేమ ఎక్కువైంది."

ఆయన విద్యార్థి ఫెంగ్ షావ్‌చీ గభాలున వచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు. "మెల్లగా మాస్టారూ. అంగీ తొక్కకండి. అసలు అంగీ వైపు చూడకండి."

లౌ అవ్వ అప్పటికే బుట్ట దగ్గరుంది. లోపల గడ్డి సర్ది సర్ది చేతులు తుడుచుకుంటోంది. "మెత్తగా ఉండాలి నాయనా, ఎముకలు గుచ్చుకుంటాయి. ఇదిగో, ఈ అంటుడుబియ్యం ఉండలు చొక్కా చేతుల్లో పెట్టుకో. ఈ గుడ్లు కూడా. తినకు! తూచాక తిను."

"తూచాక తింటే తూకానికి ఏం లాభం అవ్వా?"

"చదువుకున్నవాడివి, నాకు చెప్తావా? పెట్టుకో!"

వాన్‌రూ దూరంగా నిలబడింది. ఆ ఎండలో ఆయనకు పత్తి కుట్టిన లోచొక్కా తొడిగి పంపింది. ఆయన చెమటలు కారుస్తున్నాడు. ఆమె నేల చూస్తోంది.

మాస్టారు బుట్టలో కూచున్నాడు. దూలం కిర్రుమంది.

నేను గుండును నూరు దగ్గర పెట్టి జరిపాను. నూటనాలుగు దాటింది. ఆగుదామనుకున్నాను. కానీ కర్ర చివర ఇంకా దూలం వైపే చూస్తోంది. నూటపది. నూటఇరవై. చివర దిగలేదు. తప్పదని జరిపాను. నూటనలభై. ఫెంగ్ నోరు తెరిచాడు. నూటయాభై. లౌ అవ్వ ఫెంగ్‌ను చూసింది, ఫెంగ్ వాన్‌రూను చూశాడు, వాన్‌రూ అవ్వను చూసింది. నూటఅరవై. తూ దాపింగ్ స్తంభం వదిలి ముందుకొచ్చాడు.

నూటఅరవైతొమ్మిది దగ్గర కర్ర సమంగా నిలిచింది. తొమ్మిది. ఒకటి కలిపాను.

"షువాన్ బోతావ్ మాస్టారు, నూటడెబ్బై జిన్నులు!"

"అన్యాయం!" అని అరిచాడు తూ. "పొద్దున లేచింది మొదలు కొవ్వు తింటున్నా నేను! ఆయన గంజి తాగి నన్ను దాటాడా? ఆ గంజి ఎక్కడ దొరుకుతుందో చెప్పండి!"

"నేను తగ్గాననుకున్నానే," అన్నాడు మాస్టారు బుట్టలోంచి, సంతోషంగా.

అప్పుడే బుట్ట అడుగు ఊడింది.

మొదట గుండ్రాయి పడింది. లౌ అవ్వ ఆవకూర ఊరగాయ జాడీలో అదిమిపెట్టే రాయి. తరువాత మాస్టారు పడ్డాడు. నేలకు జానెడు ఎత్తే కాబట్టి దెబ్బ తగల్లేదు. గుడ్లు నాలుగువైపులా దొర్లాయి, పిల్లలు వాటి వెంట పడ్డారు. అంగీ అంచు చిరిగి, సీసం పలకలు ఒకటొకటే రాతినేలమీద ఠంగు ఠంగున రాలాయి. ఆకాశంనుంచి వచ్చే కిరణాలకు అడ్డుపెట్టి చూడడానికి ప్రయోగశాలలో దాచుకున్న పలకలవి. చివరికి లోచొక్కా కుట్టు విడిపోయి ఏటి ఇసుక సన్నగా కారడం మొదలుపెట్టింది. అది చాలాసేపు కారింది.

మాస్టారు తన మీదనుంచి కారుతున్న ఇసుకను కాసేపు చూశాడు.

"ఫెంగ్, సీసం నీదేనా?"

"మా తరగతి మొత్తానిది మాస్టారూ. కుట్టింది నేనే. కుట్టు బాలేదు."

"రాయి?"

"నాదే నాయనా," అంది అవ్వ. "ఊరగాయ పాడైతే పాడైంది."

"ఇసుక ఎవరిది?"

ఆయన భార్యవైపు తిరిగాడు. వాన్‌రూ ముఖం ఎర్రబడింది.

"మాట తప్పనన్నాను. తూకం తప్పించనని అన్లేదు," అంది.

మందిరం పగలబడి నవ్వింది. మాస్టారు మాత్రం నవ్వలేదు. ఆయన కళ్ళలోకి పాఠం చెప్పేటప్పటి వెలుగు వచ్చింది. అంగడి చిన్న తక్కెడ తెప్పించాడు. పడ్డవన్నీ ఏరించి ఒక్కొక్కటే తూయించాడు. సీసం ఇరవైఐదు. రాయి పంతొమ్మిది. ఇసుకా చొక్కా ఎనిమిది. గుడ్లూ ఉండలూ నాలుగు. పిల్లలు తినేసిన గుడ్లకు పెంకులు చూసి లెక్క కట్టాడు. మొత్తం యాభైఆరు.

"నూటఅరవైతొమ్మిదిలో యాభైఆరు పోతే నూటపదమూడు. అంటే నేను తొమ్మిది జిన్నులు పెరిగాను. నా నడుముపట్టీ ఒప్పుకోదు. తప్పు ఇంకెక్కడో ఉంది."

ఆయన తక్కెడ చుట్టూ తిరిగాడు. కొక్కెం చూశాడు. కర్ర చూశాడు. గుండు దగ్గర ఆగాడు. దాన్ని తిరగేశాడు. అడుగున గిన్నెలాగా తొలిచి, పైన మైనం రాసి, మసి పూసి ఉంది. మసి ఇంకా తడిగానే ఉంది. రెండు రోజులు పట్టింది నాకు. ఆ రోజు ఊరంతా దానితోనే తూగింది.

చిన్న తక్కెడలో వేశాడు. తొమ్మిది జిన్నులు.

"గుండు తేలికైతే ఇంకా దూరం పోతుంది," అన్నాడు నెమ్మదిగా. "పదోవంతు తేలిక. నూటఅరవైతొమ్మిది నిజానికి నూటయాభైరెండు. పదిహేడు జిన్నులు... గెన్‌ఫాగారూ?"

నేను దూలం చూశాను.

"మూడు తరాల తక్కెడ కదండీ!"

"మీరే చెప్పారుగా మీటసూత్రం," అన్నాను.

ఆయన మాటను ఆయనకే తిప్పి చెప్పడం నాకదే మొదటిసారి. ఆయన గట్టిగా అన్నాడు, "నూటయాభైరెండులో యాభైఆరు పోతే తొంభైఆరు. అదీ నా బరువు. కాగితంమీద తొంభైఆరే రాయండి. తప్పు కొలత నా పేరున కొండ దాటకూడదు."

వాన్‌రూ మెట్టుమీద కూలబడింది. "ఏమండీ, ఒక్క కాగితం! ఒక్కసారి అబద్ధం ఆడితే మీ శాస్త్రం ఏం చచ్చిపోతుందా?"

"శాస్త్రం చావదు. రేపు ఫెంగ్ నా ముందు తప్పు లెక్క రాస్తే నేనేమనాలి?"

ఫెంగ్ తల గోక్కున్నాడు. "ఏమీ అనక్కర్లేదు మాస్టారూ. జాడీల దగ్గరనుంచి అంటే నాకు వినపడదు."

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. అందరూ నా చేతిలోని ఎర్రకాగితం చూశారు.

"పలికిన అంకె వెనక్కి రాదు," అన్నాను. "నూటడెబ్బై."

"అది నా బరువు కాదండీ!"

"కొక్కేనికి వేలాడింది అదే."

మాస్టారు బుట్టను చూశాడు, రాయిని చూశాడు, కారడం ఆగిన ఇసుకను చూశాడు. నా చేతిలోంచి కుంచె లాక్కున్నాడు.

"ఔను. కొలత తప్పు కాదు. దేన్ని కొలిచామో రాయకపోవడం తప్పు."

కూచుని తానే రాశాడు. షువాన్ బోతావ్, తొంభైఆరు. విద్యార్థుల సీసం, ఇరవైఐదు. లౌ అవ్వ ఊరగాయ రాయి, పంతొమ్మిది. భార్య ఇసుక, ఎనిమిది. గుడ్లు, ఉండలు, నాలుగు. గెన్‌ఫాగారి ఉలి, పదిహేడు. ఆచారం, ఒకటి. మొత్తం నూటడెబ్బై. కింద సంతకం చేసి నాచేత వేలిముద్ర వేయించాడు. నాకు సంతకం వచ్చునన్నాను. ఈ పనికి వేలిముద్రే తగునన్నాడు.

కాగితం కొండ దాటింది. వాన్‌రూ బట్టలు మూట కట్టి గుమ్మంలో పెట్టుకుంది. ఫెంగ్ తరగతివాళ్ళు పాఠానికి రోజూ ఒక గంట ముందే వచ్చి కూచోసాగారు, ఉన్నన్ని రోజులు విందామని.

పదమూడో రోజున ఇద్దరు కూలీలు కావడిమీద ఒక జాడీ మోసుకొచ్చారు. దానికి ఉత్తరం కట్టి ఉంది. వాన్‌రూ చదివింది.

"అల్లుడికి. తొంభైఆరు చూసి నిన్ను రప్పించడానికి కావడి పంపబోయాను. మిగతాది చదివి ఆగాను. నలభై ఏళ్ళుగా కార్ఖానా నడుపుతున్నాను, నా జేబులో ఎవడూ గులకరాయి కూడా వేయలేదు. అక్కడే ఉండు. ఈ జాడీ నువ్వే తిను. విద్యార్థులకు పెట్టావంటే వచ్చి తంతాను. వచ్చే ఏడు తూనికకు నేనే వస్తాను."

జాడీ నాలుగు రోజుల్లో విద్యార్థుల గంజిలోకి పోయింది.

మరుసటి ఏడు చ్యూ పెద్దాయన నిజంగానే వచ్చాడు. ఉత్తరం విని ఏనుగంత మనిషి అనుకున్నాను. కళ్ళజోడు, కర్ర, వాటి మధ్య కొంచెం మనిషి. అల్లుడి జేబులు తానే తడిమి, బుట్టలో గడ్డి తీయించి, గుండు తిరగేసి చూశాడు. నేను కొత్త గుండు చెక్కించాను, సరిగ్గా పది. మాస్టారు తొంభైఎనిమిది తూగాడు.

"రెండు పెరిగాడు, సరే," అని గొణిగాడు పెద్దాయన. "తిండి అంటే ఏమిటో చూపిస్తా, నన్ను తూచు."

బుట్టలో కూచున్నాడు. నేను గుండు జరిపాను. ఎక్కువ జరపనక్కరలేకపోయింది.

"చ్యూ పెద్దాయన, ఎనభైనాలుగు జిన్నులు!"

వాన్‌రూ తండ్రి దగ్గరకు వచ్చి చేతులు నడుముమీద పెట్టుకుంది.

"నాన్నా, నిన్ను పోషించలేని ఆ కార్ఖానా ఎందుకు? ఇక్కడే ఉండిపో."

ఆయన నావైపు చూశాడు. "ఇంకొకసారి తూచవయ్యా. గుండు కొంచెం అటు..."

లౌ అవ్వ అప్పటికే తన వెంట తెచ్చుకున్న ఊరగాయ జాడీ మూత తీసి, రాయి బయటికి లాగుతోంది.