బరువున్న సైకిలు సైకిలు కాదట

నీళ్ల బావని లారీ గుద్దిందని పేపర్లో రాశారు. అబద్ధం. లారీ కిందికి తోశారు. నా కళ్లారా చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఊరు పెరుగుతోందని పెద్ద రోడ్డు పక్కనే సైకిళ్లకి కొత్త దారి వేశారు. దానికి ఆకుపచ్చ రంగు, అంచున సిమెంటు గట్టు, గట్టు మీద పూలకుండీలు. అందుకోసం గోడవారనున్న పంచరు తాత కొట్టు పీకేశారు. పెద్ద రోడ్డుని సన్నం చేశారు. ఇంకా ప్రారంభోత్సవం కాకపోయినా జనం దాని మీద తిరుగుతూనే ఉన్నారు. ఆ పొద్దున బావ, క్యారియరుకి రెండువైపులా నీళ్ల క్యాన్లు కట్టుకుని అందులోకి ఎక్కాడు. వెనకాల బట్టల మూటలతో నేను.

కాపలావాడు ఈల వేసి అడ్డం నిలబడ్డాడు.

"దిగు దిగు. బరువుతో రాకూడదు."

"ఇది సైకిళ్ల దారేగా అన్నా? నేను తొక్కేదేంటి, ఏనుగా?"

మేం నవ్వాం. అదే తప్పయిందేమో. వాడికి రోషమొచ్చి హ్యాండిలు పట్టుకుని ఒక్క తోపు తోశాడు. నీళ్ల బరువు అటు ఒరిగింది. గట్టు దాటి సైకిలు రోడ్డు మీద పడింది. సన్నబడ్డ రోడ్డులో లారీవాడు మాత్రం ఎటు తిప్పుతాడు? బావ ఇంకో మాట మాట్లాడలేదు.

బావని కాటికి సాగనంపి వచ్చి తుక్కు కొట్టు వెనక ఆవరణలో కూర్చున్నాం. పాలవాళ్లు, పూలవాళ్లు, మూడు చక్రాల బండివాళ్లు, ఎవరికి వాళ్లం బతికేవాళ్లం, మొదటిసారి ఒకచోట చేరాం. బావ భార్య గోడకి ఆనుకుని ఉంది. ఆమెని మేమంతా చెల్లీ అంటాం.

"ఆ దారి తవ్వి పారేద్దాం. పొమ్మనలేక పొగబెడుతున్నారు మనకి," అన్నాడు పంచరు తాత.

"ఎందుకు తవ్వాలి తాతా?" అంది తుక్కక్క. పాత ఇనుము ఏరుకుని బండి తొక్కే మనిషి. గొంతు కూడా ఇనుమే. "దానికి కంకర మోసింది మా ఆయన. రంగు కొట్టింది మన వీధోళ్లు. బస్సులకీ లారీలకీ మధ్య నలిగి చచ్చేది మనం. సైకిలుకో దారంటూ కావాల్సింది ఈ ఊళ్లో ఎవరికి? మనకే! దారి వద్దనొద్దు. మనది కాదంటే మాత్రం ఒప్పుకోవద్దు."

పొడుగోడు లేచాడు. బావతో కలిసి నీళ్లు మోసినవాడే.

"పెద్దోళ్లతో మనకెందుకక్కా? ఆ దారి వేసిన గుత్తేదారు మనోళ్లకి కాపలా పనులిస్తానంటున్నాడు. నీడపట్టున ఉద్యోగం."

"మీ బావని తోసినోడి ఉద్యోగమేగా?"

"నాకూ పిల్లలున్నారక్కా."

వాడు వెళ్లిపోయాడు. వెనకే ఇంకొందరు. తిట్టబుద్ధి కాలేదు. పొయ్యి అందరి ఇళ్లలోనూ ఉంది.

మూల నిలబడ్డ, రోజూ మాతో పాటే ఆ రోడ్డు మీద సైకిలు తొక్కే కాలేజీ అమ్మాయి, కళ్లజోడు సర్దుకుంటూ, "ప్రారంభోత్సవం రోజు మా కాలేజీ మొత్తాన్ని తీసుకొస్తాను," అంది.

ఆ రోజు ఒక్క స్నేహితురాలితో వచ్చింది. అయినా వచ్చింది.

పెద్దలంతా కార్లలో దిగారు. వాళ్లు తొక్కాల్సిన సైకిళ్లు వ్యానులో వచ్చాయి. మైకులో ఎవరో ఆరోగ్యం గురించీ, గాలి గురించీ మాట్లాడుతున్నారు. మేం రెండో చివర నుంచి బయల్దేరాం. పాలు, పూలు, మూటలు, తుక్కు, దేన్నీ దించలేదు. అందరికన్నా ముందు చెల్లి, వంగిపోయిన బావ సైకిలుని తోసుకుంటూ నడిచింది.

"బరువు మాది! దారి మాది!"

నేనూ గొంతు కలిపాను. అన్నేళ్లూ ఆ రోడ్డు మీద బెల్లు కొట్టడం తప్ప అరిచి ఎరగను.

పోలీసు అధికారి ఎదురొచ్చాడు. "అనుమతి ఉందా?"

"సైకిలు తొక్కడానికా సారూ?" అంది తుక్కక్క.

జవాబుగా లాఠీ వచ్చింది. పాలు, పూలు ఆకుపచ్చ రంగు మీద కలిసిపోయాయి. కాలేజీ అమ్మాయి కళ్లజోడు పగిలింది. కాపలా బట్టల్లో ఉన్న పొడుగోడు మా బండ్లని లాగి లారీకెక్కించాడు. చెల్లి దగ్గరికొచ్చేసరికి తల తిప్పుకున్నాడు గానీ, సైకిలు మాత్రం వదల్లేదు.

తుక్కక్క మీద అధికారిని చంపబోయిందని కేసు పెట్టారు. సాక్ష్యం కావాలిగా? ఆమె బండిలో రేకులూ, ఊచలూ, తుప్పు పట్టిన కత్తెరా బల్ల మీద పేర్చి, ఆయుధాలన్నారు. ఆమె బతుకంతా ఆయుధమైపోయింది.

తర్వాత దారి మొదట్లో ఇనుప స్తంభాలు పాతారు. సన్నటి సైకిలు పడుతుంది, బండి పట్టదు. మా బండ్లు ఎండకీ వానకీ స్టేషను వెనక తుప్పు పట్టాయి. పంచరు తాత కూతురి ఇంటికి పోయాడు. కాలేజీ అమ్మాయిని కాలేజీలోంచి తీసేశారు. మీటింగుకి పిలిచినా ఎవరూ రాలేదు. ఓడిపోయాం. దాన్ని ఇంకో పేరుతో చెప్పలేను.

జైల్లో తుక్కక్కని చూడబోయాను. బాగా చిక్కిపోయింది.

"ఎంతమంది మిగిలారు తమ్ముడూ?"

"నేనూ, చెల్లీ."

కమ్మీలు పట్టుకుంది. ధైర్యం చెబుతుందనుకున్నాను. చెప్పలేదు. కళ్లు తుడుచుకుని, "అయితే ఇద్దరూ వెళ్లి కూర్చోండి. నేను ఇక్కడ కూర్చుంటాను," అంది.

అలాగే నగరపాలక కార్యాలయం గేటు ముందు కూర్చున్నాం. బావ ఫోటో ఒళ్లో పెట్టుకుని చెల్లి, పక్కన నేను. ఎండ మాడ్చేస్తోంది. జనం తప్పుకుని పోతున్నారు. ఒకాయన బిచ్చమనుకుని చిల్లర వేశాడు. చెల్లి లేచి వెళ్లి ఆయన చేతిలోనే పెట్టి వచ్చింది.

మధ్యాహ్నానికి రోడ్లూడ్చే ఆడవాళ్లు గుంపుగా వచ్చారు. వాళ్ల ముఖాలు చూస్తే ఏడ్చి వస్తున్నట్టున్నారు.

"దారి ఊడవడానికి మిషను తెచ్చారంట. రేపట్నుంచి మమ్మల్ని రావద్దన్నారు," అంది వాళ్లలో పెద్దామె. "మీరెందుకు కూర్చున్నారమ్మా?"

చెల్లి చెప్పింది. మొదటి నుంచీ, ఏడవకుండా, గొంతు పెంచకుండా చెప్పింది. తనే ఇదంతా చెప్పగా నేను ఎప్పుడూ వినలేదు. పెద్దామె చీపురు కింద పెట్టి ఆమె పక్కన కూర్చుంది. మిగతావాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కొందరు వెళ్లిపోయారు. కొందరు కూర్చున్నారు.

గేటు లోపల పోలీసు వ్యాను స్టార్టయింది.

"ఇటు జరగండమ్మా, ఎండ తగులుతోంది," అని చెల్లి తన కొంగు సగం పెద్దామె నెత్తిన కప్పింది. ఎవరూ లేవలేదు.