ఓడ అడుగు గది తలుపు

సాయంత్రం అయిదింటికి తూర్పు రాష్ట్రాల వాళ్ళ కోసం ఒకసారి చచ్చింది వెల్మా. ఎనిమిదింటికి పడమటి వాళ్ళ కోసం మళ్ళీ చావాలి. అమెరికాకి తూర్పు చివర పొద్దు ముందే కుంకుతుంది కనుక, రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఆ రోజుల్లో హాలీవుడ్ రేడియో నాటకాలను రికార్డు చేయకుండా, మైకు ముందు నేరుగా రెండుసార్లు ఆడేవారు.

వారం వారం వచ్చే ఈ నాటకంలో సినిమా హీరో రస్ బ్రానిగన్ సాహసాల కెప్టెన్. వెల్మాది అతని తోడు మారా పాత్ర. ఈ వారం దొంగలు మారాను ఓడ అడుగు గదిలో పడేసి తాళం వేశారు. నీళ్ళు నిండుతాయి, మారా తలుపు బాదుతుంది, చప్పుడు ఆగిపోతుంది. దాంతో వెల్మా ఉద్యోగమూ సరి. పొద్దున నాటకం కాగితాలు చేతికిచ్చేదాకా ఒక్కడూ నోరు విప్పలేదు, పుణ్యాత్ములు! అభిమానుల ఉత్తరాలు మారాకే ఎక్కువ వస్తున్నాయని రస్‌కి కడుపుమంట. ఇక్కడ గెంటేస్తే, మొహం ఎవరికీ తెలియని గొంతుకి బయట పనెవరిస్తారు?

విరామంలో అడిగేసింది. "రస్ గారూ, నన్ను బతకనిస్తే మీ సొమ్మేం పోతుంది?"

"నాదేముందమ్మా," అన్నాడతను తల దువ్వుకోవడం ఆపకుండా. "కాగితంలో ఉన్నది చదవడమే మన పని."

నాటకానికి శబ్దాలు చేసే ఓటో ఆమె చేతిలో సాండ్‌విచ్ పెట్టాడు. "తిను పిల్లా. చచ్చేదానివి ఖాళీ కడుపుతో ఎందుకు?"

"నీకూ ఎగతాళేనా?"

"ఏడవమంటావా మరి?"

ఎనిమిదింటికి ఎర్ర దీపం వెలిగింది. అది వెలిగాక ప్రతి చప్పుడూ రేడియోలో జనానికి వినబడుతుంది, దగ్గొచ్చినా మింగాల్సిందే, ఎవరినీ ఆపడానికి లేదు. ఓటో తొట్టిలో నీళ్ళు కలియబెట్టాడు, పక్కనున్న చెక్క తలుపును బాదాడు, ఆపాడు.

వెల్మా మైకు వదిలి వెళ్ళి ఆ తలుపును తనే బాదింది. దబ్. దబ్. ఓటో ఏమీ ఎరగనట్టు పైకప్పు చూస్తూ నిలబడ్డాడు.

 అద్దం వెనక దర్శకుడు లూ తలుపు తీయమని రస్‌కి చేతులు తిప్పి సైగ చేస్తున్నాడు. రస్ కాగితం చూసి చదివేశాడు. "మారా ఇక లేదు."

"కెప్టెన్! బతికే ఉన్నాను! తలుపు తియ్యండి!"

"ఆమె కోసం మనం చెయ్యగలిగింది లేదు. పదండి."

సంగీతం మొదలయ్యేదాకా వెల్మా బాదుతూనే ఉంది. దీపం ఆరిందో లేదో టెలిఫోన్లు మోగాయి. ఆ కెప్టెన్ అసలు మనిషేనా అని విన్నవాళ్ళవి ఒకటే తిట్లు.

లూ పరుగున వచ్చాడు. "తలుపు తియ్యడానికి ఏం రోగమయ్యా నీకు?"

"కాగితంలో లేదు కదా!" అన్నాడు రస్.

లూ తల పట్టుకుని వెల్మా వైపు తిరిగాడు. "నీ ఉద్యోగం ఎక్కడికీ పోదులే. వచ్చే వారం నిన్ను బయటికి తీయకపోతే జనం మనల్ని తంతారు. చచ్చిపోయావని విన్న తూర్పు వాళ్ళకి ఏదో ఒకటి చెబుదాం."

వెల్మాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కందిన వేళ్ళు నొక్కుకుంటూ అడిగింది. "తలుపు ఎవరు తీస్తారు?"

"ఇంకెవరు? కెప్టెనే."

ఆమె రస్ వైపు చూసింది. అతను కాగితాలు తిరగేస్తూ ఇంకా ఆ తలుపు కోసమే వెతుకుతున్నాడు.