విరిగిన కలకు దీర్ఘం

ఎముకల డాక్టర్లు మెచ్చిన రాక్ బ్యాండు ప్రపంచం మొత్తం మీద బహుశా ఒక్కటే ఉంటుంది. దాని పేరు తుప్పు. ముగ్గురు మనుషులు, మూడు ఆల్బమ్‌లు, ఒకే ఒక్క పాట. లెక్కకు పాటలు ముప్ఫై దాకా ఉన్నాయి గానీ, జనం దృష్టిలో మాత్రం ఒక్కటే: "విరిగిన కాలితో నడిచొస్తా." ఆస్పత్రుల్లో కట్లు విప్పే గదుల్లో ఆ పాట పెడతారు. కాలు విరిగినవాళ్లు కట్టు మీద ఆ ముక్క రాయించుకుంటారు. ఆ రోజుల్లో తుప్పు కచేరీ అంటే ముందు మూడు వరుసలూ చంకకర్రల వాళ్లకే వదిలేసేవారు. పల్లవి రాగానే కర్రలన్నీ గాల్లోకి లేచేవి, వాటి సొంతదారులు కింద పడేవారు.

చిక్కల్లా ఏమిటంటే, పాట రాసిన మనిషి కాలు గురించి రాయలేదు. "విరిగిన కలతో నడిచొస్తా" అని రాశాడు.

అతను ఆ బ్యాండులో బేస్ గిటార్ వాయించేవాడు. ఇప్పుడు పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫ్‌రీడర్. పొద్దున తొమ్మిదింటికి కిటికీ పక్క బల్ల ముందు కూర్చున్నాడంటే సాయంత్రం దాకా పరాయివాళ్ల దీర్ఘాలు సరిచేయడమే పని. ఒక పెద్దమనిషి సంస్మరణ సంచికలో "కాలం చేశారు" అన్నది "కలం చేశారు" అని పడబోతే ఆఖరి నిమిషంలో పట్టుకున్నది అతనే. అలాంటివాడి సొంత మాటను లోకమంతా తప్పుగా పాడుతుంటే, చేతిలో ఎర్ర పెన్ను ఉండి మాత్రం ఏం లాభం? ఆ మూడు ఆల్బమ్‌ల తర్వాత అతను ఒక్క లైను కూడా రాయలేదు. తన బుర్రలో పుట్టిన మంచి మాట జన్మకల్లా ఆ "కల" ఒక్కటేనని అతని నమ్మకం. దాన్ని ఒక్కసారైనా, మైకులో, జనం ముందు సరిగ్గా వినాలని అతని కోరిక.

ఈ పాపమంతా బావది. బావ అంటే తుప్పు గాయకుడు, అక్క మొగుడు. పాట రికార్డు చేసిన రోజున మన ప్రూఫ్‌రీడరుకు టైఫాయిడ్. బేస్ వాయించే పని ముందే ముగించి ఆస్పత్రి మంచమెక్కాడు. జ్వరం దిగి లేచేసరికి పాట ప్రతి రేడియోలోనూ కాలు విరగ్గొట్టుకుని తిరుగుతోంది. "నోరు తిరగలేదురా" అన్నాడు బావ తల గోక్కుంటూ. రెండో ఆల్బమ్ దాకా అతను ఊళ్లోవాళ్ల దగ్గర తిట్టుకున్నాడే గానీ, బావ ముందు పళ్లు బిగపట్టాడు. మూడోది వచ్చాక, కచేరీకి వెళ్తున్న వ్యానులో, "ఒక్కసారన్నా కల అని పాడు బావా" అని అడిగాడు. "జనానికి ఆ కాలు కుదిరింది, కుదిరినదాన్ని మళ్లీ విరగ్గొట్టకు" అన్నాడు బావ. బండి తోలుతున్న డ్రమ్మరు వ్యాను ఆపాడు. ఇతను గిటారు చంకన పెట్టుకుని దిగిపోయాడు. తుప్పు అక్కడితో రాలిపోయింది. అప్పట్నుంచీ అక్క ఇంట్లో ఒకే బల్ల దగ్గర ఎన్నిసార్లు అన్నం తిన్నా, బావాబామ్మర్దుల మధ్య "ఉప్పు ఇలా జరుపు"ను మించిన సంభాషణ నడవలేదు.

పాటకు పాతికేళ్లు నిండిన ఏడాది బావ ప్రెస్సుకు వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

"స్టేడియం వాళ్లు పిలిచారురా బామ్మర్దీ. ముగ్గురం కలిసి వాయిస్తేనే అట."

"కల అని పాడతావా?"

"ఇన్నేళ్లయినా అదే పట్టా?"

"నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. వాటిల్లో ఒక్కటీ విరగలేదు."

బావ నవ్వలేదు. "సరే, పాడతాను" అన్నాడు. ప్రూఫ్‌రీడరుకు కాస్త నిరాశ కూడా కలిగింది. పాతికేళ్లుగా నూరి పెట్టుకున్న వాదనలన్నీ వాడకుండానే మిగిలిపోయాయి.

సాధన అక్కావాళ్ల కారు షెడ్డులో పెట్టుకున్నారు. డ్రమ్మరు ఇప్పుడు డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నాడు. ఇప్పటికీ బండి కదిలించే ముందు వన్ టూ త్రీ ఫోర్ అంటాడట, నేర్చుకునేవాళ్లు హడలిపోతారట. వాయిద్యాలకు ఏ ఇబ్బందీ రాలేదు. ఇబ్బందంతా బావ నాలుకతోనే. పాతికేళ్లు ఒకే దారిన నడిచిన నాలుక, ఇంకో సందులోకి తిరగమంటే తిరుగుతుందా? "కాలతో" అన్నాడు. "కలితో" అన్నాడు. ఒకసారి ఏకంగా "కల్లుతో" అన్నాడు. డ్రమ్మరు అదే బాగుందన్నాడు.

మూడో రోజుకు ప్రూఫ్‌రీడరు ఓపిక నశించింది.

"ఒక్క అక్షరం బావా! ఒక్క అక్షరానికి పాతికేళ్లా? కాగితం మీద రాసిచ్చింది చూసి పాడ్డానికి కూడా చదువు రాదా నీకు?"

టీ గ్లాసులు పట్టుకొచ్చిన అక్క ఆ మాట విని ట్రేను స్పీకరు మీద ఠపీమని పెట్టింది.

"కాగితం కావాలా? ఉండు, తెస్తాను."

"వద్దే" అన్నాడు బావ.

"మీరు ఊరుకోండి. మోసింది చాలు."

బీరువా అరలో పరిచిన పేపరు కింది నుంచి తీసి తెచ్చింది. నాలుగు మడతల కాగితం, మడతల దగ్గర చిరుగులు. ప్రూఫ్‌రీడరు కళ్లజోడు పెట్టుకున్నాడు, దొంగ దొరికాడన్న సంబరంతో విప్పాడు. తన దస్తూరీయే. ఇరవై రెండేళ్ల వయసులో అతను తనకే కాదు, అక్షరాలకూ జుట్టు పెంచేవాడు. తలకట్లన్నీ కుడివైపుకు దీర్ఘాల్లా సాగి ఉన్నాయి. "ల" చివరి కొస అయితే పైకి లేచి గుండ్రంగా చుట్టుకుని గుడి అయి కూర్చుంది. అతని చెయ్యి తనంతట తానే జేబులోని ఎర్ర పెన్ను మీదికి పోయింది. ఏ రచయిత ఈ కాగితం పంపినా అతను "కాలితో" అనే చదువుతాడు. పందెం కాసి మరీ చదువుతాడు.

"అడగొచ్చుగా" అన్నాడు.

"అడిగించాను. కాలేమిట్రా అని మీ అక్కతో ఆస్పత్రికి కబురు పెట్టాను" అన్నాడు బావ. "జ్వరం మగతలో నువ్వు, రాసింది రాసినట్టు పాడమను, సొంత తెలివి వాడొద్దను అన్నావట. రాక్ పాటకు అర్థం అడిగితే నువ్వు తిట్టేవాడివి కూడాను."

"మరి నోరు తిరగలేదని ఎందుకు చెప్పావు?"

అక్కే చెప్పింది.

"నేనే అలా చెప్పమన్నాను. జ్వరం నుంచి లేచి పుల్లలా ఉన్నావు. తప్పు నీదేనని తెలిస్తే మళ్లీ మంచమెక్కుతావేమోనని భయమేసింది. కోపమొచ్చినవాడు అన్నం తింటాడురా, సిగ్గుపడ్డవాడు తినడు. నాలుగు రోజులాగి చెబుదామనుకున్నాను. ఈలోగా నువ్వు ఊరంతా బావను తిట్టావు. ఇక ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

ప్రూఫ్‌రీడరుకు ఏడుపొచ్చింది. పాతికేళ్లు ఈ మనిషి తన ఇంట్లో, తన బల్ల దగ్గర, తన అన్నం తినే బామ్మర్ది చేత చదువురానివాడనిపించుకుంటూ ఉప్పు జరిపాడు.

"ఇంతకీ ఏది పాడాలి?" అన్నాడు డ్రమ్మరు.

"కల" అన్నాడు బావ. "మాటిచ్చాను."

కచేరీ నాటి సాయంత్రం స్టేడియం నిండింది. అప్పట్లో కర్రలతో వచ్చినవాళ్లు ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో వచ్చారు. కొందరు కావాలనే పాత కర్రలు తుడిచి తెచ్చుకున్నారు. ఆఖరి పాట మొదలైంది. బావ కళ్లు మూసుకుని, మైకు దగ్గరికి లాక్కుని, "విరిగిన కలతో" అని పాడాడు. ఎంత స్పష్టంగా పాడాడంటే బడిపిల్లలకు ఉక్తలేఖనం చెప్పినట్టుంది. ఇరవై వేలమంది మాత్రం "కాలితో" అన్నారు. రెండు మాటలూ గాల్లో ఢీకొన్నాయి. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, ఆ తర్వాత నవ్వులు మొదలయ్యాయి.

"పెద్దాయన మాట మర్చిపోయాడ్రా!"

"వయసైపోయింది, పాపం!"

ముందు వరుసలో ఒకావిడ కర్ర ఊపుతూ, "కాలండీ, కాలు!" అని జాలిగా అందించింది.

బావ చెవులు ఎర్రబడ్డాయి. చెమట తుడుచుకుని, నవ్వు మొహం పెట్టి చరణం పూర్తిచేశాడు. మళ్లీ పల్లవి వచ్చే ముందు బామ్మర్ది వైపు తిరిగి తలాడించాడు, ఇంకోసారి కూడా కలే పాడతానన్నట్టు.

కోరుకున్నది జరిగింది. మాట సరిగ్గా వినిపించింది, మైకులో, అంతమంది ముందు. ప్రూఫ్‌రీడరుకు మాత్రం ఆ నవ్వులు తప్ప ఇంకేమీ వినబడలేదు. బావను చూసి వాళ్లు అలా నవ్వడం అతను భరించలేకపోయాడు. రెండంగల్లో వచ్చి మైకును తనవైపు తిప్పుకున్నాడు. తుప్పు బ్యాండులో అతను ఏనాడూ పాడలేదు, ఎందుకు పాడనివ్వలేదో మొదటి అక్షరంతోనే అందరికీ తెలిసిపోయింది. పాత ఇనప గేటులాంటి ఆ గొంతుతో, ఊపిరి ఉన్నంతమేర దీర్ఘం తీస్తూ, "విరిగిన కాలితో" అని పాడాడు. కర్రలు లేచాయి.

బావ అతని చెవిలో అరిచాడు.

"కల కదరా!"

"మాట్లాడకుండా పాడు బావా."

శ్రుతి కలవకపోయినా ఇద్దరూ ఒకే మైకు ముందు తలలు ఆనించి ఆ తప్పును చివరిదాకా గొంతెత్తి పాడారు.