కిర్రు ఎక్కడిది?

శ్యామ్‌సుందర్ సైకిల్ సందు మలుపులో ఉండగానే గన్‌ఫౌండ్రీలోని ఆ ఇంటికంతా తెలిసిపోయేది. కుడికాలు తొక్కితే ఒక కిర్రు, ఎడమకాలు తొక్కితే ఇంకో కిర్రు. కింది వాటా వాళ్ల కుక్క మొరిగి మొరిగి విసుగొచ్చి మానేసింది.

ఆయన చేయని వైద్యం లేదు. చైనుకు కొబ్బరినూనె పోశాడు, కుట్టుమిషను నూనె పోశాడు, కోపమొచ్చి ఆముదమూ పోశాడు. నాంపల్లిలో సైకిళ్లు బాగుచేసే విజయేందర్ పెడళ్లు మార్చాడు, ఇరుసు విప్పి కొత్త బేరింగు గుండ్లు వేశాడు. సైకిల్ కిర్రుమంటూనే ఇంటికొచ్చింది.

"ముసలిదైంది సార్. ముసలోళ్లు మూల్గరా?" అన్నాడట విజయేందర్.

కొత్తగా రిటైరైన మనిషికి ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. మర్నాడే స్కూటర్ కొన్నాడు.

"ఆదివారం మల్లయ్య పాత సామాన్ల బండి వస్తది. సైకిల్ ఇచ్చి పడేస్త," అని భార్యతో చెప్పాడు.

"ఔ," అంది అహల్య. ఆమె ఔ అన్నదంటే ఒప్పుకున్నట్టేనని పెళ్లయినప్పటి నుంచీ ఆయన నమ్మకం.

ఆయనకు తెలియనిది ఒకటుంది. ఆయన పొద్దున్నే నడకకు వెళ్లగానే అహల్య, కూతురి పాత పంజాబీ డ్రెస్ తొడుక్కుని, వెనక సందులో అదే సైకిల్ నేర్చుకుంటోంది. కిర్రు వినిపిస్తే శ్యామ్‌సుందరే అనుకుని సందులో ఎవరూ తలెత్తి చూసేవారు కాదు.

ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఆయన వెనక స్కూటర్ మీద వెళ్తే "దుమ్ము తప్ప ఏముంటదే గాడ?" అంటాడే గానీ ఆపడు. తనంతట తాను వెళ్లి, తనకిష్టమైన చోట ఆగాలి. అహల్య కోరిక అంతే. సైకిల్ మల్లయ్య బండెక్కితే అదీ ఎక్కినట్టే.

శనివారం పొద్దున సందులో స్పీడ్ బ్రేకర్ దగ్గర భయమేసి, సీటు మీంచి లేచి నిలబడి తొక్కింది. కిర్రు ఆగిపోయింది. కూర్చుంది. కిర్రు. మళ్లీ లేచింది. లేదు! ఊరంతా కాళ్ల దగ్గర వెతుకుతుంటే దొంగ పైనే ఉన్నాడు. తొక్కినప్పుడల్లా మనిషి బరువు అటూ ఇటూ ఒరుగుతుంది. ఆ బరువుకు మూలిగేది సీటు.

ఇంటికొచ్చి పానాతో బోల్టు వదులు చేసింది. సీటు గొట్టం కదల్లేదు. గుంజింది, తిప్పింది. అప్పడాల కర్రతో నాలుగు తట్టాక ఊడి వచ్చింది. దాని చుట్టూ పసుపు, కుంకుమ, గంధం రాయిలా గట్టిపడి ఉన్నాయి. ప్రతి దసరాకూ శ్యామ్‌సుందర్ సైకిల్ కడిగి పూజ చేసి, మనిషి మెడకు పూసినట్టు సీటు మెడకే గంధం పూసేవాడు. ఎవరినీ తుడవనిచ్చేవాడు కాదు. ఏడాదికొకసారి కడిగిన నీళ్లతో అదంతా లోపలికి జారి, పొర మీద పొర పేరుకుంది. ఎర్రది, పచ్చది, మళ్లీ ఎర్రది. ఇన్ని దసరాల భక్తి ఒక్కచోట కూర్చుని కిర్రుమంటోందా అని ఆమె నోరు తెరుచుకుని చూస్తుండిపోయింది.

అప్పుడే ఆయన నడక నుంచి వచ్చాడు. "ఏం జేస్తున్నవే? పూజది గీకుతే కండ్లు పోతయ్!"

"తులసికోటల వేస్త తియ్యున్రి. మీ కిర్రు గిదే."

"పెడల్ తొక్కితే సీటు అరుస్తదా? నీ డిగ్రీల గిదే చెప్పిన్రా?" అని నవ్వి, స్నానానికి పోయాడు.

అహల్య గొట్టం శుభ్రంగా తుడిచి, గ్రీజు పట్టించి, బోల్టు బిగించింది.

ఆదివారం పొద్దున మల్లయ్య గేటు దగ్గర బండి ఆపాడు. శ్యామ్‌సుందర్ సైకిల్ తేవడానికి వచ్చేసరికి దాని మీద భార్య ఉంది. ఏ చప్పుడూ లేకుండా ఆయన పక్క నుంచే గేటు దాటింది.

"అహల్యా! నీకెప్పుడు... ఆగు... బెల్లు కొట్టు, బెల్లు!"

"సార్, సైకిల్ ఇస్తరా, ఇయ్యరా?" అన్నాడు మల్లయ్య.

"ఏమిచ్చేది రా? పోయింది గద!"

ఆబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు ఇంకా దించే ఉన్నాయి. అహల్య తొక్కుతోంది, ఏమీ వినిపించడం లేదు. కాదు, అన్నీ వినిపిస్తున్నాయి. టైరు కింద సన్నటి ఇసుక. తల మీద పావురాల రెక్కలు. నాంపల్లి వైపు రైలు కూత. ఫుట్‌పాత్ మీద పుస్తకాల కోసం పరుస్తున్న ప్లాస్టిక్ పట్టాల గలగల. పుట్టి పెరిగిన ఊరు ఇన్ని గొంతులతో మాట్లాడుతుందని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. గాలికేలే అనుకుంది.

ఒక కుప్ప దగ్గర ఆగి పుస్తకం తిరగేస్తుంటే వెనక స్కూటర్ ఆగింది. శ్యామ్‌సుందర్ దిగి, సైకిల్ సీటును చేత్తో నొక్కాడు. వంగి, సీటుకు చెవి ఆనించి మళ్లీ నొక్కాడు. గుడిలో లాగా చెప్పులు విడుస్తాడేమోనని అహల్యకు అనుమానమొచ్చింది.

"మల్లయ్యకు ఏం చెప్పిన్రు?"

"పాత టేబుల్ ఫ్యాన్ ఇచ్చి పంపిన. ఇంటికి పోదమా?" అన్నాడు.

"మీరు పోన్రి. నేను జర నాంపల్లి స్టేషన్ దాకా పోయొస్త."

"స్టేషన్ల ఏముందే?"

"ఏమో. ఎన్నడన్న ఆగి చూస్తే గద తెల్సేది."

పుస్తకం కొని సైకిలెక్కింది. మలుపు దాకా వెళ్లినా, వెనక స్కూటర్ స్టార్టయిన చప్పుడు వినిపించలేదు. ఆయన ఇంకా ఆ పుస్తకాల దగ్గరే ఆగి ఉన్నాడు.