మూడు బోల్టుల పంపు

మా ఇంటి ముందర రోజుకు ఇద్దరన్న హారన్ కొడుతరు. నా పెండ్లాం చంద్రమ్మ గరిటె పట్టుకొని బయటికి పోయి, "పప్పు ఉన్నది, పెట్రోల్ లేదు" అంటది. కొందరు నవ్వుకుంట పోతరు. ఒకాయన మాత్రం ఏం పప్పని అడిగి, కూర్చొని తిని పోయిండు.

నారాయణఖేడ్ నుంచి నాగల్‌గిద్ద పోయే తొవ్వల, మా ఊరి శివారుల ఉన్న పాత పెట్రోల్ బంకు మా ఇల్లు. ముందటేడు వానలకు ఊర్లె మా మట్టిగోడల ఇల్లు కూలింది. ముప్పై ఏండ్లకు పైగా మూతవడ్డ ఈ బంకు అగ్గువకు దొరికితే కొన్న. ముందట ఒక అర్ర, ఎనుక ఒక చిన్న అర్ర, తొవ్వ దిక్కు రేకుల పందిరి, పందిరి కింద రెండు పంపులల్ల మిగిలిన ఒక పంపు. ముందటి అర్ర గోడ మీద "పొగ తాగరాదు" అని ఎర్ర అక్షరాలున్నయి. ఎన్నిసార్లు సున్నం వేసినా మళ్ల పైకి తేలుతయి. చంద్రమ్మ పొయ్యి సరిగ్గ దాని కిందనే.

పంపు చేతితోని తిప్పేది. పైపు లేదు, అద్దం లేదు, హ్యాండిల్ మాత్రం ఉన్నది. అడుగు పలకకు నాలుగు రంధ్రాలు, మూడు బోల్టులు. నాలుగోది ఊడిపోయింది కాదు. ఊడితే రంధ్రం అంచు చెడుతది. ఇది సాపుగ ఉన్నది. ఎవరో పానాతోని విప్పిండ్రు. ఎందుకు విప్పిండ్రో తెల్వది. నాకు మాట్లాడుడు తక్కువ, చూసుడు ఎక్కువ. చంద్రమ్మ దాన్ని బీమారి అంటది.

మా బిడ్డ అంకితకు ఏడో నెల పడ్డది. మొదటి కాన్పు తల్లిగారింట్ల జరగాలె. కాన్పు దవాఖానలనే అయినా, ముందట రెండు నెలలు, తర్వాత మూడు నెలలు తల్లిగారింటనే ఉండాలె. తోల్కొచ్చుకుందామని కబురు పంపితే, వియ్యపురాలు స్వరూపరాణి ముందుగాల తానే వచ్చి చూసింది. పందిరి కింద నిలబడి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నది. పెట్రోల్ వాసన పోయి ఎన్నేండ్లో అయింది. అయినా పెట్టుకున్నది.

"వదినె, ఇది ఇల్లా?" అన్నది.

"ఇల్లే వదినె. లోపల కుక్కర్ కూతేస్తుంది, వినవడ్తలేదా?" అన్నది చంద్రమ్మ.

"కుక్కర్ ఏడవెట్టినా కూతేస్తది. బంకుల పురుడు చేస్తరా ఎవరన్న? రేపు నలుగురు అడిగితే బాలింత ఏడున్నదని చెప్పాలె నేను? పెట్రోల్ పోసేకాడ అని చెప్పాల్నా?"

"మేమిద్దరం ఉంటలేమా?"

"మీరు పెద్దోళ్లు. ఏడనన్న ఉంటరు. ఇంటికి నెంబర్ పలక తెచ్చి కొట్టుండ్రి, ఆ దినమే పంపుత. లేకుంటే పిల్ల మా కాడనే ఉంటది."

ఆమె చాయ తాగకుండ పోయింది. చంద్రమ్మ గిన్నెలన్నీ తోమింది. తోమినవి కూడా మళ్ల తోమింది. చివరకు నా దిక్కు తిరిగింది.

"బిడ్డ మొదటి కాన్పుకు రాకుంటే నేను తల్లినెట్లయిత? పంచాయతికి పోయి నెంబర్ తే. నోరు తెరిచి అడుగు. నువ్వు చూసుకుంట కూసుంటే నెంబర్ నడుచుకుంట రాదు."

పోయిన. నోరు తెరిచిన.

మా పంచాయతి సెక్రెటరీ సంగమేశ్‌కు నలభై దాటినయి. ఇస్త్రీ అంగీ, జేబుల రెండు పెన్నులు. నా దరఖాస్తు చూసి వాపస్ ఇచ్చిండు.

"రికార్డుల బంకు అని ఉన్నది. బంకుకు ఇంటి నెంబర్ రాదు. ఎన్నడన్న ఎవరన్న అండ్ల కాపురమున్నట్టు రుజువు తే, అప్పుడు చూద్దాం."

"వచ్చి చూడరాదు సారు?"

"నేను రాను. అవసరం లేదు."

గట్టిగనే అన్నడు. నాకు అప్పుడే ఒకటి యాదికొచ్చింది. ఈ సెక్రెటరీ మా ఇంటి ముందర నుంచి బైకు మీద పోయినప్పుడల్లా మొకం అటు దిక్కు తిప్పుకుంటడు. అటు దిక్కు ఏమున్నదో అని ఒక దినం పోయి నిలవడి చూసిన. కంది చేను తప్ప ఏం లేదు.

ఇగ రుజువు కోసం తిరిగిన. బసవరాజ్ పటేల్ రెండు గంటలు చెప్పిండు. అంతా ఆయన రాజ్‌దూత్ బండి సంగతే. ఆ బంకుల ఏ దినం ఎన్ని లీటర్లు పోయించిండో, ఆ బండి మీద ఏ ఏ పెండ్లిండ్లకు పోయిండో, అన్నీ యాది ఉన్నయి.

"ఆ బంకుల ఎవరుంటుండె పటేలా?" అని అడిగిన.

"బండి ఉన్నోనికి పెట్రోల్ కావాలె గని, పోసేటోడు ఏడ పంటడో ఎందుకురా?" అన్నడు.

ఇంకో నలుగురిని అడిగిన. అందరికీ బండ్లు యాదున్నయి. మనుషులు ఎవరికీ యాది లేరు. యేసుబాబు ఒక్కడు మాత్రం అడగకున్నా చెప్తడు. యేసుబాబు ఆటో నడుపుతడు, గిరాకి లేనప్పుడు మా పందిరి నీడకు ఆటో నిలుపుతడు.

"మా తాత ప్రేమదాసు ఈ బంకుకు మేనేజర్, కాకా."

"మేనేజర్ ఏడ ఉంటుండె?"

"మేనేజర్ అంటే ఏడ పడితే ఆడ ఉంటడు."

ఈయన మాట రుజువు కిందికి రాదు. ఆ తాతనే బీదర్ల ఇమానం నడిపిండని కూడా ఈయననే చెప్పిండు.

నెంబర్ రాకున్నా సరే, బిడ్డ వస్తదని చంద్రమ్మ పట్టు పట్టింది. బాలింతకు తానాల అర్ర కావాలన్నది. ఒక మంగళవారం పొద్దుగాల ఎనుక అర్ర గోడ పక్కన పునాది తవ్వుడు మొదలువెట్టిన. జానెడు లోతుకు ఒక షాబాదు బండ తగిలింది. బండ లేపితే మన్ను, మన్ను కింద మూకుడు కప్పి, చుట్టూ సున్నం మెత్తిన కుండ.

యేసుబాబు ఆటోల కూర్చొని పండ్లు తోముతుండె. తొంగి చూసిండు.

"కాకా! లంకెబిందె!"

నేను గడ్డపార కింద పెట్టేలోపలనే ఆయన ఫోన్ల ముగ్గురికి చెప్పిండు. గంటల మా ఇంటెనుక నిలవడేందుకు జాగ లేదు. బస్సు కూడా రెండు నిమిషాలు ఆగిందట, కండక్టర్ దిగి చూసిపోయిండట. యేసుబాబు ఖేడ్‌కు రెండు ట్రిప్పులు కొట్టి జనాన్ని తోల్కొచ్చిండు. రజాకార్ల కాలం నాటిదని ఒకడు అన్నడు. కాదు, పాముంటదని ఇంకొకడు అన్నడు. పాముంటే బంగారం పక్కా అని మూడో ఆయన. బసవరాజ్ పటేల్ కట్టె పట్టుకొని వచ్చి, కుండను చూసి, ఆ కాలంల తన బండి సరిగ్గ ఇక్కడనే నిలుపుతుండెనని చెప్పిండు.

ఇంత జనమయినంక సెక్రెటరీ రాక తప్పలె. వాళ్లమ్మను మోకాళ్ల నొప్పికి ఖేడ్ దవాఖానకు తీస్కపోతున్నడట. ఆమెను బైకు ఎనుకనే కూర్చోవెట్టుకొని వచ్చిండు. పందిరి కింద మా మంచం మీద ఆమెను కూర్చోవెట్టి, "అమ్మా, నువ్వు గీడనే ఉండు. ఏం మాట్లాడకు" అని చెప్పి ఎనుకకు నడిచిండు.

ముసలామె పేరు పుష్పమ్మ. ఆమె కూర్చోలె. మెల్లగ లేసి పంపు దగ్గరికి పోయి, బర్రెను తడిమినట్టు తడిమింది. నేను చూసిన. ఆమె నన్ను చూసి చెయ్యి తీసేసింది.

ఎనుక సెక్రెటరీ రెవెన్యూ ఆఫీసు గిర్దావర్‌కు ఫోన్ చేసిండు. గిర్దావర్ వేరే ఊర్లె పంచనామాల ఉన్నడట. "ముందుగాల పలగొట్టి చూడుండ్రి. ఏం లేకుంటే నన్ను పరేషాన్ చెయ్యకుండ్రి" అని ఫోన్ పెట్టేసిండు.

"ఇది సర్కారు సొత్తు. ఎవరూ ముట్టొద్దు. మొగులప్పా, నువ్వు పలగొట్టు" అన్నడు సెక్రెటరీ.

నేను గడ్డపార లేపిన.

"బేడ! బేడ! వద్దు, పలగొట్టకు!"

పుష్పమ్మ జనాన్ని తోసుకుంట వచ్చింది. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి లెక్క లేదు.

"గది లంకెబిందె కాదు. నా కొడుకు మావి కుండ!"

నేను గడ్డపార దించిన. మా దిక్కు కాన్పయినంక పడే మావిని కుండల పెట్టి, ఇంటెనుక పూడ్చి, కుక్కలు తవ్వకుండ మీద బండ వేస్తరు. ఆ బండ మీదనే బాలింతకు తానం పోస్తరు. గోడ పక్కన బండ, బండ కింద కుండ అంటే మా ఊర్లె ఏ ఆడమనిషికన్న తెలియాలె. చంద్రమ్మ చూస్తే తెలిసేది. కాని ఆమె పొద్దటి నుంచి జనానికి నీళ్లు పోస్తున్నది, కుండ దిక్కు రానే లేదు. బంగారం అనంగనే మిగిలినోళ్లకు తెలివి పోయింది.

"ఏ కొడుకు అవ్వా?" అని యేసుబాబు అడిగిండు.

"నాకు ఎంతమంది ఉన్నరు? ఒక్కడే. గదో, రెండు పెన్నులు పెట్టుకొని నిలవడ్డడు."

సెక్రెటరీ మొకం సున్నం కొట్టినట్టయింది. "అమ్మా! నేను ఖేడ్ దవాఖానల పుట్టిన. సర్టిఫికెట్ ఉన్నది."

"సర్టిఫికెట్ తర్వాత రాయించినం లేరా. నువ్వు పుట్టింది గా అర్రల." పుష్పమ్మ మా ముందటి అర్రను చూపించింది. "వానలు పడుతున్నయి. నొప్పులు తీస్తుంటే జీపుల పెట్టి ఖేడ్‌కు తెస్తుండ్రు. గీడికి రాంగనే డీజిల్ అయిపోయింది, నొప్పులు ఆగకుంటే నన్ను అర్రలకు తీస్కపోయిండ్రు. ప్రేమదాసు హ్యాండిల్ తిప్పుకుంట ఒకటి, రెండు అని లీటర్లు లెక్క పెడుతుండు. ఏడు అన్నడు, నువ్వు కేర్ మన్నవు. లెక్క తప్పిందని మళ్ల ఒకటి నుంచి మొదలువెట్టిండు పాపం. ఆయన పెండ్లాం సలోమి మిషన్ దవాఖానల ఆయమ్మగ చేసింది. ఆమెనే పురుడు పోసింది. పచ్చి బాలింత వాగు దాటొద్దని ఇరవై ఒక్క దినాలు వాళ్లతోనే ఆ అర్రల ఉన్న. గీ బండ మీదనే తానాలు."

"సలోమి మా నాయినమ్మ! ప్రేమదాసు మా తాత! చెప్పలేదా నేను?" అని యేసుబాబు ఎగిరిండు. "మేనేజర్ అవునా కాదా అవ్వా?"

"మేనేజర్ ఏంది బిడ్డా, హ్యాండిల్ తిప్పేటోడు. మేనేజర్లకు గంత మంచితనం ఏడుంటది?"

జనంల ఎనుక నుంచి నాగల్‌గిద్ద దిక్కు మనిషి ఒకాయన అరిసిండు. "అరే, వీడు మన డీజిల్ గాడు! బడిల నా పక్కనే కూసునేది. డీజిల్! గుర్తు పట్టినవా?"

నాకు కంది చేను సంగతి అప్పుడు అర్థమయింది.

"గందుకే నాతోని ఒట్టు పెట్టించుకున్నడు" అన్నది పుష్పమ్మ. "గీ పేరు పోవాలని. ఇన్నేండ్లు నోరు మూసుకున్న. కాని మావి కుండ పలిగితే కొడుకుకు మంచిది కాదు. ఒట్టు తప్పితే నాకు తగులుతది, తగలనీ."

సెక్రెటరీ ఇంకా ఒప్పుకోలె. "అందరు చెప్తరు గట్లనే. గిది నీదే అని రుజువేంది?"

కన్నతల్లిని రుజువు అడిగిండు. అలవాటు.

"అండ్ల ఏమున్నదో చెప్త, విను. పసుపు కొమ్ము, రెండు వక్కలు, ఒక బోల్టు."

"బోల్టా?"

"ఇనుము వెయ్యాలె గద. ఇంట్లయితే మేకో మొలనో ఉంటది. నడి వానల మొల దొరకలె. ప్రేమదాసు పానా తెచ్చి పంపు బోల్టు ఒకటి విప్పి ఇచ్చిండు."

"ఎడమ దిక్కు, ఎనుకది" అన్న నేను.

అందరూ నా దిక్కు తిరిగిండ్రు. చంద్రమ్మ అయితే మేక మాట్లాడినట్టు చూసింది.

సున్నం గీకి, పలగొట్టకుండ మూకుడు తీసిన. లోపల నల్లటి మన్ను. పసుపు కొమ్ము మన్నుల కలిసింది. వక్క ఒక్కటే మిగిలింది. అడుగున బోల్టు. దాన్ని కొంగుతోని తుడిచి పుష్పమ్మ నా చేతుల పెట్టింది. జనమంతా నా ఎనుక పంపు దగ్గరికి వచ్చిండ్రు. నాలుగో రంధ్రంల పెట్టి తిప్పిన. రెండు చుట్లు తిరిగి గట్టిగ పట్టుకున్నది.

బంగారం కోసం వచ్చినోళ్లు బోల్టుకు చప్పట్లు కొట్టిండ్రు.

చంద్రమ్మ కొంగు నడుముకు చెక్కుకొని ముందటికి వచ్చింది. "సారూ, ఎవరన్న కాపురమున్నట్టు రుజువు తెమ్మంటిరి. మీకన్న పెద్ద రుజువు ఏడ తెస్తం?"

"ఏందిరా?" అన్నది పుష్పమ్మ. "నువ్వు పుట్టిన ఇంటికి నెంబర్ ఇయ్యలేదా నువ్వు?"

సెక్రెటరీ మంచం మీద కూర్చున్నడు. కొద్దిసేపు పంపును చూసిండు. ఇంత దగ్గర నుంచి ఎన్నడూ చూసి ఉండడు. తర్వాత పెన్ను తీసి నా దరఖాస్తు అడిగిండు. రాసుకుంట పోయి ఒక కాడ ఆగిండు.

"రుజువు అన్నకాడ ఏం రాయాలె?"

"డీజిల్ అని రాయి సారు" అన్నడు యేసుబాబు.

ఆయన "స్థానిక విచారణ" అని రాసిండు. నవ్వు ఆపుకుంట రాసిండని నేననుకుంటున్న. మీసం కదిలింది.

పుష్పమ్మ బోల్టును మళ్ల విప్పించింది. "చూసిండ్రు గద. దాని జాగల దాన్ని పెట్టు." కుండల వేసి, మూకుడు కప్పి, ఉన్నకాడనే పూడ్చి, మీద బండ వేసిన. తానాల అర్ర గోడలు ఆ బండ చుట్టూ లేపిన.

నాలుగో దినం నెంబర్ పలక వచ్చింది. "పొగ తాగరాదు" గోడకు బయటి దిక్కు కొట్టినం. చంద్రమ్మ వియ్యపురాలికి ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టింది.

"నెంబర్ సరే వదినె. ఎంతయినా బంకు. అండ్ల ఎవరన్న పురుడు పోసుకున్నరా ఎన్నడన్న?"

"మా సెక్రెటరీ సార్ పుట్టింది ఈడనే వదినె. పుట్టిన జాగ మహిమ, గవర్నమెంట్ నౌకరి వచ్చింది."

అటు నుంచి గొంతు మారింది. "శుక్రవారం తోల్కొస్తం. ఎనుక అర్రనా, ముందటి అర్రనా ఆయన పుట్టింది?"

"ముందటిది."

"అయితే పిల్లను ముందటి దాంట్లనే పండవెట్టుండ్రి."

అంకిత వచ్చి పదిహేను దినాలయింది. పొయ్యి ఎనుక అర్రకు మారింది. సెక్రెటరీ ఇప్పుడు మా ఇంటి ముందర నుంచి పోయినప్పుడు మొకం తిప్పుకోడు, హారన్ కొడుతడు. చంద్రమ్మ అలవాటు కొద్దీ గరిటె పట్టుకొని బయటికి పోతది.

నిన్న పొద్దుగాల పంపు దగ్గర నిలవడి చంద్రమ్మ దాని అడుగు పలక దిక్కు చూసుకుంట ఉన్నది.

"దవాఖానల మావి అడిగితే ఇస్తరట. యేసుబాబు కనుక్కొని వచ్చిండు."

"ఊఁ" అన్న.

"ఇనుము వెయ్యాలె గద."

"ఇంట్ల డబ్బెడు మొలలున్నయి."

"మొలలు అందరి ఇండ్లల్ల ఉంటయి" అన్నది.

పానా తీసి, కుడి దిక్కు, ఎనుక బోల్టుకు నూనె పెట్టిన.