పూతరేకు కింద పంచదార

నేను ఒక మంచు కడ్డీని. పేరు విని నన్ను మంచుతో చేశారనుకోకండి. అల్యూమినియం గొట్టాలను వరసగా సన్నని తీగకు గుచ్చి చేశారు. మడిస్తే సంచిలో పడుకుంటాను. తీగ లాగి బిగిస్తే రెండు నిలువుల పొడవున లేచి నిలబడతాను. పుట్టింది చండీగఢ్ శివార్లలో, డేరాలకు గొట్టాలు చేసే చిన్న కార్ఖానాలో. నా తోబుట్టువులు డేరాలలో చేరి పెళ్ళి భోజనాలు చూశారు. నేను మంచు లోతు చూడటానికి హిమాచల్ కొండలకు వచ్చాను.

నన్ను మొదట చేతపట్టింది రిగ్జిన్. లాహౌల్ మనిషి. స్కీలు కట్టుకుని మంచు మీద జారడానికి ఎక్కడెక్కడివాళ్ళో వచ్చే కొండ అది. ఏ వాలు ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో చెప్పడం ఆయన పని. పైకి ఎక్కడం, క్షణంలో కిందికి జారడం, మళ్ళీ పైకి ఎక్కడానికి వరసలో నిలబడటం. దీన్ని మనుషులు విశ్రాంతి అంటారు. ఆ విశ్రాంతికి కాపలా మేమిద్దరం.

నన్ను దించేటప్పుడు రిగ్జిన్ కళ్ళు మూసుకునేవాడు. పైన గట్టిగా ఉందా, నడుమ మెత్తగా ఉందా, అడుగున పట్టు లేకుండా జారిపోతోందా, అన్నీ ఆయన అరచేయి నా నుంచి వినేది.

ఒక చలికాలం ఆయన జతగాడు అంగ్దూయ్, ఆకాశం నీలంగా ఉందన్న ధైర్యంతో పై వాలు దాటబోయాడు. దుప్పటి లాగినట్టు వాలు పైపొర ఊడి వచ్చి అతన్ని కప్పేసింది. ఆ రోజు నన్ను దించింది లోతు చూడటానికి కాదు, మనిషి కోసం. రాయి తగిలితే ఖంగుమంటాను. నేల తగిలితే ఆగిపోతాను. మనిషి తగిలితే మాత్రం, పరుపును వేలితో నొక్కినట్టు, కొంచెం లోపలికి పోయి వెనక్కి వస్తాను. రిగ్జిన్ "ఇక్కడ" అన్నాడు, అంతే. తవ్వి తీసేసరికి అంగ్దూయ్‌లో ప్రాణం లేదు.

రిగ్జిన్ మోకాళ్ళు అరిగి కొండ దిగాక ఆ బాధ్యతా నేనూ హైమవతి చేతికి వచ్చాం. ఆమెది అనకాపల్లి. ఆ పేరు పెట్టిన తాతగారు మంచుకొండను క్యాలెండరులో తప్ప చూడలేదు. ఆమె వాతావరణ శాస్త్రం చదివి, రేపు మంచు ఎంత పడుతుంది, గాలి ఎటు మళ్ళుతుంది అని ముందుగా చెప్పే ఉద్యోగానికి వచ్చింది. తెలుగులో గడ్డి మీది తడీ మంచే, ధనుర్మాసం పొద్దున దారి కనపడనివ్వని తెరా మంచే, ఇక్కడ నడుము లోతున పడేదీ మంచే. ఆ ఒక్క మాటతో పని జరగదని ఆమె వంటింట్లోంచి మాటలు తెచ్చుకుంది. కొత్తగా పడి గాలికి లేచేది మైదాపిండి. ఎండకు తడిసి స్కీలకు అంటుకునేది ఇడ్లీపిండి. గాలి తెచ్చి పొరలు పొరలుగా పేర్చేది పూతరేకు. అడుగున ఒకదానికొకటి అతకని పలుకులుగా మారేది పంచదార. ఆమె భయమంతా దానితోనే. అప్పుడప్పుడూ టీకి వచ్చే రిగ్జిన్ ఈ పేర్లన్నీ నేర్చుకుని, "బేటీ, ఇవాళ ఇడ్లీయేనా?" అని అడిగేవాడు.

ఒకసారి వారం చివర ఎడతెరిపి లేకుండా మంచు కురిసింది. ఆదివారం ఉదయానికి తెరిపిస్తుందని, ఎండ కాస్తుందని హైమవతి చెప్పింది. చెప్పినట్టే అయింది. హోటళ్ళు నిండాయి. మేనేజరు భాటియా ఎదురొచ్చి మెచ్చుకున్నాడు. ఆమె పై వాలు అంచుకు వెళ్ళి నన్ను దించింది. మొదట పూతరేకు, బిగువుగా. ఆ కింద, డబ్బాలో చెంచా దిగినట్టు, ఒక్కసారిగా జారిపోయాను. ఇంకోచోట దించింది. అక్కడా అంతే. కిందికి వచ్చి పై వాలుకు అడ్డంగా తాడు కట్టించింది.

"వాతావరణం బాగుంటుందని మీరే కదా చెప్పారు?" అన్నాడు భాటియా.

"ఆకాశం సంగతి చెప్పాను సార్. వాలు సంగతి ఇప్పుడు చెబుతున్నాను."

"కచ్చితంగా విరిగిపడుతుందా?"

"చెప్పలేను. పడదని కూడా చెప్పలేను. తాడు అందుకే."

తాడు దగ్గర పాలకొల్లు నుంచి వచ్చిన పట్టాభి ఆమెను ఆపాడు. ఆయన కూతురు మేఖల వారమంతా కింది వాలు మీద పడుతూ లేస్తూ నేర్చుకుంది, పై నుంచి ఒక్కసారి దిగాలని.

"మీరు మనవాళ్ళని తెలిసి ప్రాణం లేచొచ్చిందమ్మా. సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతన్నాం. పిల్ల ఒక్కసారి దిగొచ్చేత్తాది, కాస్త తాడెత్తండి."

"మా చెల్లెలు వచ్చినా ఎత్తనండి."

"ఇంత ఎండ కాత్తంటే ఏమవుద్దండీ?"

"ఏమీ కాకపోవచ్చు."

"ఏమీ కాపోతే మరెందుకండీ ఆపడం?"

హైమవతి మేఖలను పక్కన చదునుగా ఉన్నచోటికి తీసుకువెళ్ళి నన్ను చేతికిచ్చింది. "మెల్లగా దించు." ఆ పిల్ల దించింది. గట్టి పొర దాటగానే తూలిపడబోయింది.

"లోపల ఏమీ లేదేంటి అక్కా?"

"పైన కూడా ఇంతే. ఆ ఏమీ లేనిదాని మీంచే నువ్వు దిగాలి."

మేఖల నన్ను తిరిగి ఇచ్చేసి స్కీలు విప్పుకుంది. పట్టాభి మాత్రం బస్సు ఎక్కేదాకా సణిగాడు.

ఆ రోజు వాలు విరగలేదు. మర్నాడూ విరగలేదు. భాటియా కిటికీలోంచి దాన్ని చూపించి "చూశారా?" అన్నాడు. ఫిర్యాదులు పైవాళ్ళ దాకా వెళ్ళాయి. హైమవతి రోజూ అంచుకు వెళ్ళి నన్ను దించుతూనే ఉంది. పలుకులు మెల్లమెల్లగా ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. నేను కూరుకుపోకుండా నిలిచిన రోజున తాడు విప్పించి, అందరికంటే ముందు తానే దిగింది. నేను ఆమె వీపున సంచిలో ఉన్నాను. కొండ కిమ్మనలేదు.

ఆ సాయంత్రం రిగ్జిన్‌ను అడిగింది, "నేను తప్పు చెప్పానా చాచా?"

"తెలీదు బేటీ." ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "అన్నేళ్ళలో నాకూ ఎప్పుడూ తెలీలేదు. అంగ్దూయ్ పోయిన రోజు తప్ప."

హైమవతి ఉద్యోగం పోలేదు. ఇకపై వాలు తెరవాలన్నా మూయాలన్నా మేనేజరు మాట కూడా కావాలన్నారు పైవాళ్ళు. తెరవడానికి అడుగుతానంది. మూయడానికి ఎవర్నీ అడగనంది. కొన్నాళ్ళు వాదించి వాళ్ళే ఊరుకున్నారు.

నా తీగ తెగిపోయింది. నాకంటే తేలికైన కడ్డీ ఒకటి వచ్చింది. నన్ను గస్తీవాళ్ళ గదిలో కిటికీ పక్కన మేకుకు తగిలించారు. తాడు కట్టిన రోజున కిటికీ కింది బెంచీలు నిండిపోతాయి. జనం నూడుల్స్ తింటూ, టీ ఊదుకుంటూ హైమవతిని తిట్టుకుంటారు. పిరికిదంటారు, పొగరుబోతంటారు, సెలవంతా పాడుచేసిందంటారు. ఆమె ఆ బెంచీల పక్కనుంచే తలవంచుకుని పైకి వెళుతుంది. పొద్దు వాలుతుంది. సామాన్లు సర్దుకుని, ఇంకా తిట్టుకుంటూనే, బస్సులెక్కుతారు.

అందరూ.